సెలవు చీటీలో జిల్లా

మన జనానికి అర్జీ మొదలుపెట్టడం వచ్చుగానీ ముగించడం రాదన్న సత్యాన్ని జిల్లా విన్నపాల అధికారి కోదండపాణి గారు చల్లటి కొండ ఊళ్ళో జరిగిన ఒక శిక్షణా శిబిరంలో కనుక్కున్నారు. ఇక్కణ్ణుంచి అంత దూరం వెళ్ళి కనుక్కోవలసిన సంగతి కాకపోయినా, ఆయన అన్నది అబద్ధమేమీ కాదు. ఆ ఆఫీసు కౌంటరులో గుమస్తాగా కూర్చునే సువర్చల రోజూ చూసేదే. వీధి కుళాయికి నీళ్ళు రావడం లేదని మొదలుపెట్టినవాడు, ఆ కుళాయి వేయించిన మాజీ కౌన్సిలరు దగ్గరికి, అక్కణ్ణుంచి కౌన్సిలరు బావమరిది కట్టిన గోడ దగ్గరికి, ఆ గోడ ఎక్కిన పొరుగింటి మేక దగ్గరికి వెళ్ళి, మేక తన కరివేపాకు మొక్కను మొదలంటా తినేసిందని వాపోయి సంతకం పెట్టేవాడు. కుళాయి అలాగే ఎండిపోయి ఉండేది.

"ప్రజలలో ప్రారంభ చైతన్యం పుష్కలంగా ఉన్నది. సమాప్తి చైతన్యం కొరవడినది," అన్నారు కోదండపాణి గారు, సిబ్బందినందరినీ హాల్లో కూర్చోబెట్టి. ఆయన మాట్లాడితే అచ్చేసిన కాగితం చదివినట్టే ఉంటుంది. ఇంట్లో భోజనానికి కూర్చుని కూడా "లవణం అందుబాటులో ఉంచవలెను" అంటారని ఆయన డ్రైవరు చెబుతాడు.

ఈ లోపాన్ని సరిచేయడానికి ఒక కంపెనీ చేత ప్రోగ్రామ్ రాయించారు. దాన్ని రాసిన ప్రణీత అనే ఇంజినీరు బోర్డు ముందు నిలబడి వివరించింది. ముప్పై దాటని మనిషి, మాట సూటిగా ఉంది.

"ఒక విషయం మొదలైతే ఇలా బ్రాకెట్ తెరుస్తామండీ. దాని మధ్యలో ఇంకో విషయం వస్తే ఇంకో బ్రాకెట్. లోపలిది మూసిన తర్వాతే బయటిది మూయాలి. మా ప్రోగ్రామ్‌ని ఫంక్షనల్ అనే రకం కంప్యూటరు భాషలో రాశాం. అది అర్జీని మొదటి నుంచి చదువుకుంటూ వస్తుంది. బ్రాకెట్ కనపడగానే, లోపల ఏముందో చూసి రమ్మని తనను తానే పంపుకుంటుంది. లోపలి సంగతి తేలాక ఆ ఫలితం పట్టుకుని బయటికొచ్చి, మిగిలింది చదువుతుంది."

"తనను తానే పంపుకుంటే టీఏ బిల్లు ఎవరి పేరున పెట్టాలమ్మా?" అని అడిగాడు సూపరింటెండెంటు సన్యాసిరావు. ఆయనకది నిజమైన సందేహమే.

ప్రణీత బోర్డు మీద ఇంకో గీత గీసింది. "ఇంకోటండీ. ఈ భాషలో ఒక పేరుకి ఒకసారి ఒక విలువ ఇచ్చామంటే ఇక మార్చం."

"దిద్దుబాట్లు నిషిద్ధం," అని రాసుకున్నారు కోదండపాణి గారు.

"అలాగే, ఫలితం ఎవరికైనా కావలసి వచ్చేదాకా ఇది లెక్క కట్టదు. ఊరికే ముందే చేసి పెట్టుకోదన్నమాట. దీన్ని సోమరి పద్ధతి అంటారు."

సన్యాసిరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సర్వీసంతా ఈ పద్ధతిలోనే చేసుకొచ్చాను తల్లీ. దీనికో పేరుందని ఇవాళ తెలిసింది," అన్నాడు.

అంతటితో సభ ముగిసిపోతే బాగుండేది. కానీ కోదండపాణి గారు లేచారు.

"ఇంత మహత్తరమైన సూత్రమును కాగితమునకు పరిమితం చేయుట న్యాయమా? చివర తెరిచినది మొదట మూయవలెను. ఇది నేటి నుండి ఈ కార్యాలయపు సమస్త కార్యకలాపములకు వర్తించును. బ్రాకెట్ అను మాట మనకు తగదు. దానిని ఆవరణ అనెదము. ఒక దస్త్రము తెరిచి ఉండగా మరొకటి వచ్చినచో, రెండవది మొదటి దాని ఆవరణలో చేరును."

ప్రణీత చెయ్యి కంగారుగా పైకి లేచింది. "సార్, సార్. ఇది అర్జీ చదవడానికండీ, ఆఫీసు నడపడానికి కాదు. అసలు ప్రోగ్రామ్‌లో కూడా రెండు అర్జీలు ఒకదాని పక్కన ఒకటి ఉండచ్చు. ఒకదాంట్లో ఒకటి ఉండక్కర్లేదు."

కోదండపాణి గారు చిన్నగా నవ్వారు. "అమ్మా, పక్కపక్కన ఉన్నవి ఒకదానిని చూచి ఒకటి చెడిపోవును. మా శాఖలో ఏదియూ దేనికీ పక్కన ఉండదు. పైన ఉండును, లేదా లోపల ఉండును."

సువర్చలకు ఇవేవీ సరిగ్గా చెవికెక్కలేదు. ఆమె మనసు పలాసలో ఉంది.

కూతురు హిమజ అక్కడే స్కూలు టీచరు. తొలిచూలు. ఆనవాయితీ ప్రకారం పురిటికి పుట్టింటికి రావలసిందే గానీ, బిడ్డ కిందికి జారి ఉందనీ బస్సు గాని రైలు గాని ఎక్కకూడదనీ డాక్టరు గట్టిగా చెప్పింది. అల్లుడు రైల్వే గార్డు. ఎప్పుడు ఇంట్లో ఉంటాడో, ఎప్పుడు గూడ్సుబండి చివర ఎర్రలైటు పక్కన కూర్చుంటాడో అతనికే తెలీదు. అతని తల్లి అతని పసితనంలోనే పోయింది. ఆ ఇంట్లో పురుడు పోయడానికి ఇంకో ఆడదిక్కు లేదు.

"నువ్వొస్తావుగా అమ్మా?" అని అడిగింది హిమజ, ఫోనులో.

"రాక? నీకు సొంఠిపొడి ఎవరు కొడతారు, కాయం ఎవరు చేస్తారు?" అంది సువర్చల. అని, ఆ పూటే సెలవు చీటీ రాసింది. కొత్త పద్ధతి కదా అని పద్ధతిగానే రాసింది. సెలవు అని ఒక ఆవరణ, అందులో కారణం, అందులో కూతురు, అందులో పురుడు. పురుడు మూసింది, కూతురును మూసింది, కారణం మూసింది, సెలవు మూసింది.

ఆ చక్కదనమే ఆమె కొంప ముంచింది. ప్రోగ్రామ్ ప్రారంభోత్సవానికి లోపం లేని అర్జీ ఒకటి కావలసి వచ్చింది. జనం రాసినవాటిల్లో అటువంటిది దొరకలేదు. సువర్చల చీటీ దొరికింది. కంప్యూటరుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కోదండపాణి గారు స్వయంగా మీట నొక్కారు. తెర మీద ఆకుపచ్చ గీత వెలిగి, "సువర్చల సెలవు: ఆవరణ తెరవబడినది" అని వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. సువర్చల కూడా కొట్టింది.

ఆ తర్వాత కౌంటరు తెరిచారు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పుకోవచ్చుగానీ, వాళ్ళు కూడా ఆవరణబద్ధంగానే చెప్పుకోవాలి. విషయం తెరిచినప్పుడు చెయ్యెత్తాలి, మూసినప్పుడు దించాలి. మొట్టమొదట వచ్చింది చేపలమ్మే నూకాలమ్మ. తల మీద తట్ట ఉంది.

"మా యీదిలో లైటు ఎలగట్లేదమ్మా."

"చెయ్యెత్తి చెప్పాలి నూకాలమ్మా," అంది సువర్చల.

"సెయ్యెత్తితే తట్ట పడిపోద్ది గదే తల్లీ."

వెనకవాళ్ళు సాయం పట్టి తట్ట దింపారు. నూకాలమ్మ కుడిచెయ్యి ఎత్తి, "మా యీదిలో లైటు ఎలగట్లేదు. ఆ సీకట్లో మా మరిది కాలవలో పడి కాలిరగ్గొట్టుకున్నాడు," అంది.

"అది వేరే విషయం. రెండో చెయ్యి కూడా ఎత్తాలి."

రెండో చెయ్యీ లేచింది. "ఆడు ఎలుతురున్నా తిన్నగా నడిసే రకం కాదులే. తాగుతాడు—"

"ఇక్కడ మూడో చెయ్యి అవసరం," అన్నాడు వెనకనించి సన్యాసిరావు.

"ఏటి బాబూ, నానేటి అమ్మోరినా?" అంది నూకాలమ్మ.

వరుసలో వాళ్ళు గొల్లుమన్నారు. వెనక నిలబడ్డ రిక్షా మనిషి, "నా సెయ్యి ఆడుకో అత్తా," అని తన చెయ్యి ఎత్తి పెట్టాడు. తాగుడు ముగించి ఆ చెయ్యి దించారు, కాలు ముగించి ఎడమచెయ్యి దించింది, లైటు ముగించి కుడిచెయ్యి దించింది. ఆకుపచ్చ గీత వెలిగింది. నూకాలమ్మ అర్జీ లోపలికి వెళ్ళింది. ఎందులోపలికి వెళ్ళిందన్నది అప్పటికి సువర్చలకు తట్టలేదు.

కొన్నాళ్ళు చూసి, సన్యాసిరావు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, నా సెలవు ఏమైంది?"

"తెరిచే ఉందమ్మా."

"మరి మంజూరు చెయ్యండి."

"ఎలా చెయ్యను? దాని లోపల నూకాలమ్మ లైటుంది," అని తెర ఇటు తిప్పాడు. పైన ఎడమ మూల సువర్చల సెలవు. దాని కింద కొంచెం జరిగి నూకాలమ్మ లైటు. దాని కింద ఇంకొంచెం జరిగి రిక్షా మనిషి రేషను కార్డు. అలా మెట్లు మెట్లుగా కిందికి దిగుతూ, కుడి అంచుకు పోయి, తెర చాలక ఇంకా ఎక్కడికో పోయింది.

"నా సెలవుకీ వీధి లైటుకీ సంబంధమేంటి సార్?"

"సంబంధమేం లేదు. లోపల ఉంది, అంతే."

"అంటే జిల్లా అంతా నా సెలవు చీటీలో ఉందా?"

"అంతా ఎక్కడుందమ్మా? ప్రారంభోత్సవానికి ముందొచ్చినవి పాత బీరువాలో ఉన్నాయి. వాటితో ఏ బాధా లేదు. అవి ఎటూ తేలవు."

"అయితే ఇంకో సెలవు చీటీ పెడతాను. అది చివర తెరుస్తారు కాబట్టి మొదట మూస్తారుగా?"

సన్యాసిరావు ఆమె వైపు మెచ్చుకోలుగా చూశాడు. "మంచి ఆలోచనే. కానీ 'సువర్చల సెలవు' అన్న పేరు ఒకసారి ఇచ్చేశాం కదా. ఆ ఇంజినీరు పిల్ల ఏం చెప్పింది? ఒక పేరుకి రెండోసారి ఇంకోటి కట్టకూడదు. దిద్దుబాట్లు నిషిద్ధం."

సువర్చల ఆఫీసు మెట్ల కిందికి వెళ్ళి ప్రణీతకు ఫోను చేసింది.

"ప్రోగ్రామ్‌లో తప్పేం లేదండీ," అంది ప్రణీత నొచ్చుకుంటూ. "మీ ఆఫీసు మొత్తం దానికి ఒకే ఒక్క పొడుగాటి అర్జీలా కనిపిస్తోంది. మూసే బ్రాకెట్ వస్తుందని ఎదురు చూస్తోంది."

"ఎన్నాళ్ళు చూస్తుందమ్మా?"

"దానికి విసుగు రాదండీ."

ఆ రాత్రి భోజనాలప్పుడు భర్త వెంకటాచలంతో చెప్పింది. ఆయన బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అంతా శ్రద్ధగా విని, "మన పెరట్లో పంపు కారుతోంది. నేనూ ఒక అర్జీ పడేద్దునా?" అన్నాడు.

"పడెయ్యండి. పడేసి, పలాస వెళ్ళి మీరే పురుడు పోయండి," అంది సువర్చల. ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాటి నుంచి సువర్చల జిల్లాను మూయడం మొదలుపెట్టింది.

చిట్టచివరి మెట్టు దగ్గర ఉన్నది బస్టాండులో మీదపడే కుక్క. మున్సిపాలిటీ వాళ్ళ కోసం చూడకుండా, మధ్యాహ్నం తన క్యారేజీలో పెరుగన్నం పట్టుకెళ్ళి కుక్కను తనతో తిప్పుకుని, ఊరవతల గోశాల వాళ్ళకు కాపలాకని అప్పగించి వచ్చింది. సన్యాసిరావు ఒక మీట నొక్కాడు. కుక్క మూతపడింది. దాని పైన ఉన్నది ఇద్దరు అన్నదమ్ముల తగువు. తమ్ముడి మామిడి కొమ్మ అన్న డాబా మీదికి వాలింది. కొమ్మ కొట్టాలని అన్న, కాయలు తన్నుకుపోతున్నాడని తమ్ముడు. సువర్చల ఆ ఇంటికి వెళ్ళి ఇద్దరు తోడికోడళ్ళనూ వంటింట్లో కూర్చోబెట్టి, ఆ చెట్టు కాయలతోనే ఆవకాయ పెట్టించింది. జాడీ ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మళ్ళీ రాజుకోబోతే, రెండు జాడీలు కొనిపించింది. కొమ్మ మూతపడింది.

తెర మీద లైటు వంతు ఇంకా రాకపోయినా దారిలోదే కదా అని విద్యుత్తు ఆఫీసుకు వెళితే, లైన్‌మన్, "వీధి లైటా? అర్జీ పెట్టారా మేడమ్?" అని అడిగాడు.

"నాయనా, ఆ మాట ఎత్తకు. స్తంభం ఎక్కు," అంది సువర్చల. ఆ గొంతులో ఏముందో, అతను నిచ్చెన కోసం కూడా వెతుక్కోకుండా ఎక్కేశాడు.

కానీ మంచి పనికి ఎప్పుడూ ఉన్న తెగులు దీనికీ పట్టింది. ఆ కౌంటరమ్మ దగ్గరికి వెళితే పని అయిపోతోందట అని జిల్లా అంతా పాకింది. ఎన్నడూ గడప దాటనివాళ్ళు సైతం బస్సెక్కి రాసాగారు. ఆమె లోపల నుంచి ఒకటి మూస్తుంటే దాని స్థానంలో నాలుగు తెరుచుకునేవి. కోదండపాణి గారు కిటికీలోంచి వరుసను చూసి, "ప్రజలలో విశ్వాసము వెల్లివిరియుచున్నది," అన్నారు.

"అమ్మా, కాళ్ళు బాగా వాచాయే," అంది హిమజ ఫోనులో. "డాక్టరు చెప్పిన తేదీకి ముందే రావచ్చట. నువ్వెప్పుడొస్తున్నావు?"

"వస్తున్నానే. దగ్గరికొచ్చేశాను," అంది సువర్చల. దగ్గరికంటే ఎక్కడికో ఆమెకే తెలీదు. ఆ మెట్లలో ఆమె ఆ రోజు చెరువుగట్టు గండి దగ్గర ఉంది.

అదే రోజు నూకాలమ్మ వచ్చింది. అర్జీకి కాదు. వీధిలో లైటు వెలిగిందని, అరటాకులో రొయ్యలు కట్టుకుని తెచ్చింది. సువర్చల ఆ పొట్లం అందుకుంటూ ఉన్నపళంగా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఓలమ్మ, ఏటయిందే తల్లీ? రొయ్యలు తినవా?"

సువర్చల చెప్పింది. మొదలు నుంచి చివరిదాకా, ఒక్క చెయ్యి కూడా ఎత్తకుండా చెప్పింది. నూకాలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది.

"అంటే మాం కట్టం సెప్పుకుంటే నీ కూతురి పురుడాగిపోద్దా?"

"పురుడు ఆగదు నూకాలమ్మా. నేను ఆగిపోతాను."

నూకాలమ్మ మర్నాడు పొద్దున్నే ఆఫీసు గేటుకు అడ్డంగా తట్ట పెట్టుకుని కూర్చుంది.

"ఏటి నీ కట్టం?" అని అడిగింది, కాగితం పట్టుకుని వచ్చిన మొదటి మనిషిని.

"మా ఊరికి రోడ్డు లేదు."

"ఎప్పట్నించి లేదు?"

"ఎప్పుడూ లేదు."

"ఎప్పుడూ లేన్ది ఇంకో నెల ఉండకపోతే ఏటయిపోద్ది? లోపలమ్మ కూతురు నీళ్ళాడే పొద్దులు. ఆయమ్మ ఎల్లాల. నువ్వు కాయితం పెడితే ఎల్లనేదు. ఆడకూతురి ఉసురు పోసుకుంటావా, పోసుకో, ఎల్లు."

ఆ మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మగపిల్లాడు పుట్టాలని చెప్పమ్మా," అని వెళ్ళిపోయాడు.

"ఏ పిల్లయితే ఏటి? ముందు ఆయమ్మని ఎల్లనీ," అంది నూకాలమ్మ వెనకనించి.

అలా ఆమె ఒక్కొక్కరినే వెనక్కి పంపింది. కొందరు గొణిగారు. చాలామంది వింటూనే వెనుదిరిగారు. పింఛను కోసం వచ్చిన ఒక ముసలావిడ అయితే, పురిటికి పనికొస్తుందని కొంగున కట్టుకొచ్చిన వాము ఇచ్చి మరీ వెళ్ళింది. కబురు బస్సుల్లో తిరిగింది. కౌంటరు ముందు వరుస పలచబడి, చివరికి ఎవరూ రాని రోజు వచ్చింది. లోపల సువర్చల మెట్లు ఎక్కుతూ వచ్చింది. గండి పూడింది, రేషను కార్డు వచ్చింది, నూకాలమ్మ లైటు మూతపడింది. తెర మీద పైన ఎడమ మూల ఒకే ఒక్క గీత మిగిలింది. సువర్చల సెలవు.

"నొక్కెయ్యండి సార్," అంది సువర్చల.

సన్యాసిరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. మీట మీద వేలు పెట్టాడు. అప్పుడే తెర మీద, ఆ గీత కింద, ఇంకో గీత వెలిగింది. దాని కింద ఇంకోటి.

కోదండపాణి గారు తన గదిలోంచి నడుచుకుంటూ వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"శూన్య విన్నపం! రాష్ట్రమున ప్రప్రథమముగా మన జిల్లాలో విన్నపముల సంఖ్య శూన్యమునకు చేరినది. ఆవరణ సూత్రపు విజయమిది. ఇందుకు గాను విజయోత్సవ దస్త్రమును ఇప్పుడే నా గది నుండి తెరిచితిని. అందులో మీకు సన్మానము. దాని లోపల నా పదోన్నతి సిఫారసు."

"ఎందులో తెరిచారు సార్?" అని అడిగింది సువర్చల. అడగడానికే గానీ, ఆమెకు కనపడుతూనే ఉంది.

"తెరిచి ఉన్నది అదొక్కటే కదా."

"సార్, ముందు నా సెలవు మూసేయండి. అది మూశాక సన్మానం పక్కన పెట్టుకోండి."

"పక్కన అను మాట మన శాఖలో లేదని మనవి చేసి యుంటిని."

"సన్మానం ఎప్పుడు సార్?"

"అమాత్యుల వారి తీరికను బట్టి. వచ్చే మాసము గానీ, ఆపై మాసము గానీ. శాలువా విషయమున కొటేషన్లు పిలవవలసి యున్నది."

సువర్చల చేతిసంచీలో ఫోను మోగింది. అల్లుడు.

"అత్తయ్యగారూ, హిమజకి నొప్పులు మొదలయ్యాయండీ. ఆసుపత్రికి తీసుకొచ్చేశాను. మిమ్మల్నే అడుగుతోంది."

"వస్తున్నాను బాబూ," అని, సువర్చల కుర్చీలోంచి లేచింది. సంచీ భుజాన వేసుకుంది. క్యారేజీ అందుకుంది.

"సువర్చలమ్మా," అన్నాడు సన్యాసిరావు కంగారుగా, "ఆవరణ తెరిచి ఉండగా మీరలా వెళ్ళిపోతే ఎలా?"

"తెరిచే ఉంచండి సార్. గాలొస్తుంది."

నూకాలమ్మ అప్పటికే ఆటో ఆపి పెట్టింది.

హిమజ మంచం పక్కకు సువర్చల చేరేసరికి సాయంత్రమైంది. తల్లిని చూడగానే ఆ పిల్ల, "ఇప్పుడా రావడం?" అని కోప్పడి, మరుక్షణం ఆమె చెయ్యి విరిగిపోయేట్టు పట్టుకుంది. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. నల్లగా, గట్టిగా, ఆసుపత్రి అంతా వినపడేంత గొంతుతో పుట్టింది.

ఇంటికి తీసుకొచ్చాక ఒకరోజు పొద్దున, సువర్చల పెరటి గదిలో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పసిదాన్ని కాళ్ళ మీద వేసుకుని నూనె రాస్తోంది. పక్కన కాగులో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. హిమజ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తోంది. ఫోను మోగితే, తల్లి చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, నేను సన్యాసిరావుని. పాపా బాబా?"

"పాప సార్."

"శుభం. అమ్మా, ఆ రోజు మీరు గేటు దాటగానే మీ మీద మెమో తెరిచారమ్మా. అనుమతి లేకుండా ఎందుకు వెళ్ళారో సంజాయిషీ అడుగుతూ. అది అయ్యగారి పదోన్నతి లోపల తెరుచుకుంది. మీరు సంజాయిషీ ఇస్తే మెమో మూస్తాం. మెమో మూస్తే పదోన్నతి కదులుతుంది. జనం మళ్ళీ వస్తున్నారు, వాళ్ళ కాగితాలు తీసుకుందామంటే అవి కూడా మెమో లోపల పడతాయని అయ్యగారు కౌంటరు మూయించేశారు. జిల్లా అంతా మీ సంజాయిషీ దగ్గర ఆగి ఉందమ్మా."

సువర్చల పసిదాని అరికాలు రుద్దుతూ ఆలోచించింది. "సార్, నేను సెలవులో ఉన్నానా?"

"లేరమ్మా. సెలవు మంజూరు కాలేదు కదా."

"అయితే డ్యూటీలో ఉన్నట్టేగా? డ్యూటీలో ఉన్న మనిషిని ఎందుకు రాలేదని ఎలా అడుగుతారు?"

అవతల గుసగుసలు వినిపించాయి. ఫోను చేతులు మారింది.

"అమ్మా సువర్చలా," అన్నారు కోదండపాణి గారు. ఆ గొంతు ఆమె పోల్చుకోలేకపోయింది. అచ్చు కాగితంలా లేదు, మామూలు మనిషి గొంతులా ఉంది. "ఒక్క ముక్క రాసి పంపమ్మా. ఏదో ఒకటి. ఒంట్లో బాలేదని రాసినా సరే. ఈ నెలాఖరుకి నా ఫైలు పైకి వెళ్ళకపోతే మళ్ళీ ఏడాది దాకా లేదు. మా ఆవిడ అప్పుడే సామాన్లు సర్దేసింది."

"రాస్తాను సార్. ఈ పని కానివ్వండి."

"ఏ పని?"

"పిల్లకి నీళ్ళు పోస్తున్నాను. పోసి, సాంబ్రాణి వెయ్యాలి. అది పడుకున్నాక దాని తల్లికి పథ్యం పెట్టాలి."

"అవన్నీ అయ్యేసరికి... అమ్మా, ముందు మెమో చూడమ్మా. చివర వచ్చినది మొదట చూడాలి కదా?"

"అందుకేనండీ," అంది సువర్చల. "మీ మెమో నేను గేటు దాటినప్పుడు తెరిచారు. ఇది మర్నాడు తెల్లవారుజామున వచ్చింది."

పసిది నోరు తెరిచింది. ఆ ఏడుపులో కోదండపాణి గారు ఏమన్నారో వినపడలేదు. సువర్చల చెంబు నీళ్ళలో ముంచి, వేడి ఎలా ఉందో మోచేత్తో చూసుకుని, "ఆ ఫోను అవతల పెట్టవే, తడిసిపోతుంది," అంది కూతురితో.